పరదేశపు ఒజ్జలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమున చదువుకొన్నవారిలో నేనొకడను. నా వృత్తి ఊరి లెక్కలు వ్రాయుట. కళాశాల మెట్లెక్కినవాడను గాను. పగలు లెక్కలు ముగించుకొని రాత్రులు చదువుకొన్న భారత భాగవతములును, పదిమంది పండితుల నడిగి అర్థము తెలిసికొన్న కొన్ని ప్రబంధములును, మన సీమ చరిత్రను గూర్చిన నాలుగైదు పుస్తకములును నాకున్న పెట్టుబడి. అట్టివానిచేత ఈ సభలో మాటాడింపవలెనని కార్యదర్శిగారికేల తోచెనో వారే చెప్పవలెను. నేనెంచుకొన్న విషయమును విన్నప్పుడు మాత్రము వారు కొంత కలతపడిరి. "కొరియా దేశమున ఆంగ్లము చెప్పు పరదేశి పంతుళ్ల బ్రతుకా? గార్లదిన్నెకును దానికిని పొత్తేమండీ?" యని యడిగిరి. ఆ పొత్తును చూపుటయే నా ప్రసంగము.

మన ఊరి ప్రక్కగా పోవు పెద్దరస్తా పట్టుకొని దక్షిణముగా పోయినచో, అనంతపురము దాటిన పిమ్మట పెనుకొండ వచ్చును. 1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన తరువాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొన్న ఊరది. దాని చెంత ఎఱ్ఱమంచి దగ్గర కొరియా దేశపు కియా సంస్థ మోటారుకార్ల కర్మాగారము కట్టుటకు 2017లో ఒప్పందము జరిగినది. 2019లో కార్లు వెలువడుట మొదలైనది. నాటినుండి కొరియావారు మన సీమలో కాపురముండుటయు, వారి లిపిలో వ్రాసిన పలకలు అంగళ్లపై కనబడుటయు మనమెరిగినదే. వారును మనవారును మాటాడుకొనుట ఏ భాషలో? వారి భాష మనకు రాదు. మన భాష వారికి రాదు. ఇరువురికిని పరాయిదైన ఆంగ్లమే నడుమ నిలిచి పని నడుపుచున్నది.

అట్లయిన వారికి ఆంగ్లము నేర్పినవారెవరు? నేర్పవచ్చిన పరదేశి వారి నడుమ ఎట్లు బ్రతికెను? నేర్చుకొన్న పిదప వారు తమ సొంతభాషను ఏమి చేసికొనిరి? మూడవ ప్రశ్న మనకు మిక్కిలి ముఖ్యమైనది. దానికి చేరుటకు మొదటి రెండింటి మీదుగా నడువవలెను.

కొరియా చిరకాలము పరదేశులకు తలుపు మూసికొన్న రాజ్యము. 1882లో అమెరికాతో సంధి కుదిరిన పిమ్మట, లోకపు భాషయొకటి తమవారికి రావలెనని గోజోంగ్ రాజు తలపోసి, 1886లో సియోల్ నగరమున ఒక రాచబడి పెట్టించి, దానికి అమెరికా నుండి ముగ్గురు యువకులను పిలిపించెను. వారిలో హోమర్ హల్బర్టు ఒకడు. వయస్సు 23 ఏండ్లు. శిష్యులు గొప్పయింటి బిడ్డలు, చిన్నవయసు అధికారులు. వారి దృష్టిలో చదువనగా చీనా లిపియే. వారి రాజు సేజోంగ్ 1443లో రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించిన సొంతలిపి యొకటి యుండెను. దానిని నేడు హాంగుల్ అందురు. చీనా లిపి నేర్చుటకు తీరికలేని సామాన్యుడు తన మనసులోని మాటను వ్రాసికొనగలుగుటకై ఆ రాజు చేసిన ఉపకారమది. కాని నాలుగు వందల యేండ్లు గడచినను పండితులు దానిని ఆడువారి అక్షరములని ఎగతాళి చేయుచునేయుండిరి.

ఆంగ్లము చెప్పవచ్చిన హల్బర్టు మొదట తానే విద్యార్థి యయ్యెను. శిష్యుల అక్షరములను కొద్ది దినములలో నేర్చి, అవి ఎంత సులభములో, ఎంత శాస్త్రీయములో గ్రహించి, ఇంత చక్కని లిపిని ఇంటిలో పెట్టుకొని వీరేల నిరసించుచున్నారని ఆశ్చర్యపడెను. 1891 నాటికి ప్రపంచ భూగోళమును, ఆయా దేశముల పాలనమును, పంటలను, ప్రజలను తెలుపు పాఠ్యగ్రంథమొకటి కేవలము హాంగుల్ లిపిలో వ్రాసి ప్రకటించెను. దాని పేరు 'సామిన్ ఫిల్జి'. పండితులును పామరులును తప్పక తెలిసికొనవలసినది అని దాని యర్థము. చీనా లిపికన్న ఈ లిపియే జనులకు మేలని పీఠికలోనే నొక్కి చెప్పెను. ఆంగ్లము చెప్పుటకు జీతమిచ్చి పిలిపించుకొన్న పంతులు, జీతములో చేరని పనిగా, శిష్యులకు వారి అక్షరముల విలువ చెప్పెనన్నమాట.

అంతటితో ఆగలేదు. కొరియావారు పొలములలోను పనిపాటలలోను పాడుకొను 'అరిరాంగ్' అను పాటను విని, 1896లో దానిని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి అచ్చువేయించెను. నోటినుండి నోటికి మాత్రమే ప్రాకుచుండిన ఆ పాట స్వరలిపిలో కాగితముపైకెక్కుట అదియే ప్రథమము.

ఇక తెలుగువారమైన మనకు వింతయైన సంగతి. 1905లో హల్బర్టు కొరియా భాషను మన ద్రావిడ భాషలతో పోల్చుచు ఒక వ్యాకరణ గ్రంథము వ్రాసెను. కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించియుండుటచేత, సియోల్‌లో కూర్చున్న పంతులునకు తెలుగు అరవ కన్నడములు పుస్తకముల ద్వారా చేతికందినవి. ఆ పోలికలో కొంత మనకును రుచించును. "నేను అన్నము తినుచున్నాను" అని మనము కర్తను ముందును, క్రియను కడపటను నిలిపినట్లే వారును నిలుపుదురు. మనవలెనే విభక్తులను మాట చివర తగిలింతురు. తల్లిని 'ఓమ్మ' యనియు, తండ్రిని 'అప్ప' యనియు పిలుతురు. మన అనంతపురము సీమలో అప్ప యను మాట లేని ఇంటిపట్టు కలదా? దినమునకు వారు 'నాల్' అందురు. మన 'నాడు' జ్ఞప్తికి వచ్చును. అయినను నేటి భాషాశాస్త్రజ్ఞులు ఈ చుట్టరికమును అంగీకరింపరు. మాటల పోలిక యాదృచ్ఛికముగా కూడ కలుగునని వారి వాదము. భాషలకు చుట్టరికము కలుపుట ఎంత చిక్కుపనియో మన అనంతపురమునకు తెలియనిది కాదు. ఇచ్చటి కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు, 1928లో మన సీమకు రాయలసీమ యని పేరు సూచించిన మహనీయులు, తెలుగును ద్రావిడ కుటుంబమునుండి వేరుచేసి ప్రాకృతములతో చేర్చి బహుగ్రంథము వ్రాసిరి. అదియు పండితుల యంగీకారమును పొందలేదు. సిద్ధాంతము నిలువకపోయినను శ్రమ వ్యర్థము కాదు. శిష్యుల భాషకు లోకములో బంధువులెవరని వెదకిన ఆంగ్లపు పంతులు ఎందరుందురు?

1905లో జపాను కొరియాపై పెత్తనము నెలకొల్పుకొన్నప్పుడు హల్బర్టు ఆ రాజు విన్నపమును చేతపట్టుకొని వాషింగ్టనుకు పోయెను. వినిన నాథుడు లేడు. 1907లో హేగ్ నగరపు శాంతిసభలో కొరియా మొర వినిపించుటకును పాటుపడెను. అదియు ఫలింపలేదు. 1910లో కొరియా రాజ్యము జపానులో కలిసిపోయెను. నలువది సంవత్సరముల పిమ్మట, స్వతంత్రమైన కొరియావారు ఆహ్వానింపగా 1949లో ముదిమిచే వంగిన దేహముతో సియోల్ చేరి, చేరిన కొద్దిదినములకే అక్కడ కన్నుమూసెను. ఆయన సమాధి హాన్ నదీతీరమున యాంగ్వాజిన్ శ్మశానములో కలదు.

ఇక నేటి పరదేశి పంతులు ఎట్లు బ్రతుకుచున్నాడో చెప్పెదను. కొరియా ప్రభుత్వము 1995లో తన పాఠశాలలకు పరదేశి ఆంగ్లోపాధ్యాయులను రప్పించు పథకము పెట్టినది. ప్రభుత్వపు బడులుగాక, 'హాగ్వోన్' అను ప్రైవేటు చదువుశాలలు ఊరూర కలవు. పంతులునకు సాధారణముగా ఒక సంవత్సరపు ఒప్పందము. బసయు వారే చూపుదురు. తరచుగా అది ఒంటిగది. గడపలో చెప్పులు విడువవలెను. చలికాలమున నేల క్రిందనుండి గదిని వెచ్చజేయు 'ఓండోల్' అను ఏర్పాటు వారికి తరతరములుగా కలదు. బడిలో మధ్యాహ్నము పిల్లలతోపాటు పళ్లెములో అన్నము, చారువంటి పులుసు, కారము పెట్టి ఊరవేసిన కిమ్చి. కుశల మడుగుటకు వారిలో ఒక తీరు, "అన్నము తింటివా?" అని. మన ఇండ్లలో వినబడు మాటయే! పుస్తకమిచ్చినను పుచ్చుకొనినను పెద్దలయెడ రెండు చేతులు చాపవలెను. క్రొత్తవానిని కలిసిన వెంటనే వయస్సడుగుదురు. పడమటినుండి వచ్చినవాడు అది అమర్యాద యనుకొనును; కాని వయస్సు తెలియనిదే వారికి వాక్యము ముగియదు. పెద్దవానితో ఒక క్రియ, సమానునితో ఒక క్రియ, పిల్లవానితో ఒక క్రియ. చెప్పితివి, చెప్పితిరి అను భేదమును పుట్టుకతో నేర్చిన మనకు ఇందులో వింత లేదు.

పంతులును వారు 'సోన్‌సేంగ్‌నిమ్' అందురు. సోన్‌సేంగ్ అనగా ముందు పుట్టినవాడు. నిమ్ అనునది మన 'గారు' వంటిది. మన ప్రాచీనులు ఉపాధ్యాయ శబ్దమును నోట నలిపి 'ఒజ్జ' యనిరి. ఇరువురును ఆ మాటలో గౌరవమే ఉంచిరి. ఇచ్చట మీకొక సంగతి చెప్పవలెను. కొరియాలో ఉపాధ్యాయ దినోత్సవము మే 15వ తేదీ. 1965లో ఆ తేదీనెన్నుకొనుటకు కారణము అది సేజోంగ్ రాజు పుట్టినదినమగుట. కావున ఆంగ్లము చెప్పవచ్చిన పరదేశికి పిల్లలు పువ్వులిచ్చి మ్రొక్కు దినము, వారి సొంత అక్షరములను సృష్టించినవాని పుట్టినదినమే యగుచున్నది. ఆ అక్షరముల కొరకు వేరుగా అక్టోబరు 9న మరియొక పండుగ కూడ చేసికొందురు.

వారి ఆంగ్లపు పట్టుదల మాత్రము సామాన్యము కాదు. నవంబరు నెలలో కళాశాల ప్రవేశపు పరీక్ష జరుగును. దానిని 'సునుంగ్' అందురు. ఆ పరీక్షలో ఆంగ్లము విని అర్థము చేసికొను భాగము నడచునంతసేపు, సుమారు అరగంటకు పైగా, దేశమందంతటను విమానములు ఎగురుటయు దిగుటయు నిలిపివేయుదురు. శబ్దమువలన ఒక పిల్లవానికైనను ఒక మాట వినబడకుండపోరాదని! హాగ్వోనులలో రాత్రి చాల ప్రొద్దు పోవువరకు చదువులు సాగుచుండగా, సియోల్ నగరమున రాత్రి 10 గంటలకు మూయవలెనని శాసింపవలసి వచ్చినది. ఈ ఒరవడిలో పరదేశి పంతులు ప్రతిదినము సాయంకాలము అలసిన పిల్లలకు అవే వాక్యములను పలికించుచు, సెలవునాడు ఒంటిగదిలో ఇంటికి ఉత్తరము వ్రాసికొనుచు, ఏడాది గడపును. కొందరు ఏడాది తీరగానే వెళ్లిపోవుదురు. వారికి అన్నము, నీళ్లు, వందనము చెప్పుటకు మించి ఆ భాష రాదు. కొందరు నిలిచి హల్బర్టు వలె నేర్చుకొందురు.

ఎవరు పోవచ్చును? ఆంగ్లము మాతృభాషగా గల దేశములని ఆ ప్రభుత్వము ఏడింటిని ఏర్పరచినది: అమెరికా, బ్రిటను, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా. భారతదేశము ఆ ఏడింటిలో లేదు. అయినను మన దేశమునకును కొరియాకును కుదిరి 2010 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ఆర్థిక ఒడంబడికలో, ఉపాధ్యాయ యోగ్యతగల భారతీయులు పాఠశాలలలో సహాయక ఆంగ్లోపాధ్యాయులుగా పోవుటకు వాకిలి తెరువబడినది. మన పిల్లలలో ఎవరికైనను అట్టి యోగ్యత యున్నచో పోవలెను, పోయి రావలెను. కాని ఆ ఏడు దేశముల జాబితాలో ఐర్లండు కూడ కలదను సంగతిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. దానితో మరల పని కలదు.

కొరియాకు పోయిన పంతుళ్ల కథ ఇది. మన సీమకు వచ్చిన పంతులు కథ యొకటి కలదు, ఆయన ఐర్లండువాడే.

జేమ్స్ కజిన్స్ 1873లో బెల్ఫాస్టు నగరమున పేదయింట పుట్టి, చిన్నవయసుననే బడి విడిచి గుమాస్తాపని చేసి, స్వయముగా చదువుకొని కవియైనవాడు. గుమాస్తాలకు కవిత్వ మెందుకని అడుగువారికి నేను చూపు సాక్షి ఆయన. డబ్లిన్ నగరమున ఎనిమిదేండ్లు ఆంగ్లోపాధ్యాయుడుగా పనిచేసెను. ఐర్లండులో జనుల సొంతభాషయైన గేలిక్కు క్షీణించి ఆంగ్లమే ఇంటింటి మాటయైపోయిన కాలమది. పోయిన భాషను, పోవుచున్న కథలను మరల బ్రతికింపవలెనని కవులు పూనుకొన్న ఉద్యమమున కజిన్సును చేరెను. భార్య మార్గరెట్టు సంగీతశాస్త్రమున పట్టము పొందినది. స్త్రీలకు ఓటు కావలెనని పోరాడి 1910లో చెరసాలకు పోయివచ్చినది.

1915లో అనీబిసెంటుగారి పిలుపుమీద ఆ దంపతులు మదరాసు చేరిరి. కజిన్సు 'న్యూ ఇండియా' పత్రికలో చేరెను. 1916లో డబ్లినున జరిగిన తిరుగుబాటును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము కారణముగా ఆ పత్రికను విడువవలసి వచ్చెను. అప్పుడు దొరికిన ఆశ్రయము అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్లోపాధ్యాయ పదవి. అది మనవంటి మెట్టసీమయే. శాకాహారమును దేశముననే వ్రతముగా పట్టియుండిన దంపతులగుటచేత మన అన్నము పప్పు వారికి కష్టము కాలేదు. తరువాత ఆయన ఆ కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను.

ఆ ఊరి కళాశాల గదులలో కూర్చుండి ఆయన చేసిన పనులు గమనింపుడు. 1917లో ఆంగ్ల సాహిత్యమునందలి క్రొత్త మార్గములను గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. పుదుచ్చేరిలోనున్న శ్రీ అరవిందులకు అది చేరినది. దానిని సమీక్షింపబూని వారు 'ఆర్య' పత్రికలో వ్రాయసాగిన వ్యాసములే 'ఫ్యూచర్ పొయెట్రీ' యను మహాగ్రంథమైనవి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లెకు వచ్చి విశ్రాంతి తీసికొనిరి. కళాశాలలో సాయంకాలపు పాటల కూటము వాడుక. కజిన్సు కోరికపై ఒకనాడు ఠాకూరుగారు తాము వ్రాసిన 'జనగణమన'ను బంగాళీలో పాడి వినిపించిరి. దానిని అక్కడనే ఆంగ్లమున అనువదించిరి. మార్గరెట్టమ్మ స్వరములను వ్రాసికొని పదిలపరచినది. 1950 జనవరి 24న జాతీయగీతముగా అంగీకరింపబడిన పాటకు సీమ గాలిలో జరిగిన సేవ యది. సియోల్‌లో అరిరాంగును స్వరలిపిలోనికెక్కించినవాడు ఆంగ్లపు పంతులే. మదనపల్లెలో ఈ పని చేసినది ఆంగ్లపు పంతులు భార్యయే.

అదే సంవత్సరము కజిన్సును జపానువారు పిలిచిరి. కవి యోనే నోగూచి పూనికచే టోకియోలోని కేయియో విశ్వవిద్యాలయమున 1919-20లో ఆంగ్ల కవిత్వము బోధించి, మరల మన దేశమునకే తిరిగివచ్చెను. ఆ విశ్వవిద్యాలయము 1922లో ఆయనకు డాక్టరు బిరుదమిచ్చెను. తూర్పుదేశములలో ఆంగ్లపు పంతులుగా బ్రతుకుట యెట్టిదో, మదనపల్లెనుండి టోకియో వరకు ఆయన యెరుగును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన కథ. 1924లో కజిన్సు మైసూరులో నుండగా, ఒక యువకుడు తాను ఆంగ్లమున వ్రాసిన పద్యములను తెచ్చి చూపెను. అప్పటికే ఆంగ్ల పద్యముల చిన్న పుస్తకమొకటి అచ్చువేయించియున్న బాలుడాతడు. పంతులు వానిని చదివి, పద్యములను నిందింపక, "నీ మాతృభాషలో ఏమి వ్రాసితివి?" అని యడిగెను. కన్నడములో వ్రాయుమని హితవు చెప్పెను. ఆ యువకునికి మొదట మనసు చిన్నబోయినను ఆ మాట నాటుకొన్నది. కన్నడమున వ్రాయ మొదలిడెను. ఆతడే కువెంపు; కన్నడమున 'శ్రీ రామాయణ దర్శనం' రచించి 1967 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునందిన మహాకవి. ఆంగ్లమువలన అన్నము తినుచున్న పంతులు, ఆంగ్లమున వ్రాయవచ్చిన శిష్యుని ఇంటికి త్రిప్పి పంపెను. ఎందువలన? సొంతభాష కోల్పోయిన దేశమునుండి వచ్చినవాడగుటచేత, ఆ నష్టమెంతటిదో ఆయనకు తెలియును.

రాజమహేంద్రవరమున కళాశాలకు ప్రధానాచార్యుడుగానుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరయు ఇట్టివాడే. ఆయన శిష్యులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. రామారావును బొంబాయికి చిత్రకళ నేర్చుకొన పంపుటకు తోడ్పడినవాడు ఆయనయే. ఆ శిష్యులు ఆంధ్రులుగానే చిత్రించిరి, ఆంధ్రులుగానే వ్రాసిరి.

కజిన్సు 1930ల దశకమున మదనపల్లెకు మరల వచ్చి పనిచేసి, 1956లో ఆ ఊరిలోనే కన్నుమూసెను. హల్బర్టు సియోల్‌లో, కజిన్సు మదనపల్లెలో!

ఇప్పుడు ఏడు దేశముల జాబితాకు వత్తము. ఐర్లండు దానిలో నేల చేరినది? అక్కడ ఇంటింట ఆంగ్లమే మాటాడుదురు గనుక. ఏల మాటాడుదురు? వారి భాష వారి నాలుకలనుండి జారిపోయినది గనుక. కరవులు, వలసలు, పరపాలనము, పిల్లలకు ఆంగ్లమే వచ్చిన చాలునను తలిదండ్రుల తలంపు, ఇవన్నియు కలిసి చేసిన పనియది. స్వతంత్రమువచ్చి నూరేండ్లయినను ఆ దేశము తన భాషను మరల ఇంటిమాటగా చేసికొనుటకు ఇంకను శ్రమపడుచునేయున్నది. కరవులును వలసలును మన సీమకు క్రొత్త గాదు గనుక ఈ మాట మనము ఒకటికి రెండుమారులు తలచుకొనవలసియున్నది. ఆ జాబితాలో మనము లేమని చిన్నబోవు యువకులను నేనెరుగుదును. అందుచేరుటకు ఐర్లండు ఇచ్చిన వెలను వారు లెక్కగట్టవలెనని కోరుచున్నాను.

కొరియా కథ వేరు. జపాను పాలనమున 1938 తరువాత బడులలో కొరియా భాషకు చోటులేకుండపోయెను. భాషాసంఘమువారు దేశపు మాటలన్నియు పోగుచేసి నిఘంటువు కూర్చుచుండగా 1942లో వారిని చెరబట్టి, వ్రాతప్రతులను లాగుకొనిరి. కొందరు చెరలోనే మరణించిరి. 1945 ఆగస్టులో విముక్తి కలిగినది. ఆ సెప్టెంబరులో సియోల్ రైల్వేస్టేషను గిడ్డంగిలో ఆ వ్రాతప్రతుల మూటలు దొరికినవి. 1947లో మొదటి సంపుటము అచ్చయినది. 1957లో తుదిసంపుటము వెలువడినది. పరీక్షనాడు ఆంగ్లముకొరకు విమానములను నిలుపు జాతియే, నిఘంటువుకొరకు చెరకు పోయిన జాతి. ఈ రెండును ఒకచోట ఇమిడియున్నవి గనుకనే వారు ఆంగ్లమును పనిముట్టుగా వాడుచు కొరియావారుగానే యున్నారు. పెనుకొండలో వారి అంగడి పలకపై హాంగుల్ చూచినపుడు నాకు ఆ రైలు గిడ్డంగి తలపునకు వచ్చును.

ఇక మన పద్దు చూచుకొందము. మొన్న అనంతపురమునుండి వచ్చు బస్సులో మనవైపు పిల్లవాడొకడు కొరియా ఉద్యోగి ప్రక్కన కూర్చుండి ధారాళముగా ఆంగ్లమున మాటాడుచుండెను. నాకు సంతోషము కలిగెను. ఇంతలో ఆ పరదేశి, "పెనుకొండ యనగా నేమి?" అని యడిగెను. పిల్లవాడు కొండ యను మాటకు అర్థము చెప్పి, 'పెను' దగ్గర ఆగిపోయి, అది ఒక పేరు మాత్రమేనని ముగించెను. పెనుగాలి, పెనుబాము, పెనుభూతము అను మాటలు వాని చెవిలో పడలేదు. వెనుకనుండి నేను 'పెద్దది' యని యందించితిని. ఆ పరదేశి తన చిన్నపుస్తకము తీసి దానిని తన లిపిలో వ్రాసికొనెను. మన మాట ఆయన పుస్తకమునకెక్కినది. మన పిల్లవాని నోటికెక్కలేదు. తప్పు వానిది కాదు. వానికెవరు చెప్పిరి?

గ్రంథాలయపు ఎరువు పుస్తకముల పట్టీ వ్రాయుటకు అప్పుడప్పుడు నన్ను పిలుతురు. మొదటి సంవత్సరముల పుటలలో పిల్లల పేర్లకెదురుగా బాలభారతములు, కథలు, శతకములు కనబడును. ఇటీవలి పుటలలో పరీక్షల మార్గదర్శులు తప్ప పిల్లల పేర్లకెదురుగా మరియొకటి అరుదు. పుస్తకములు బీరువాలో పదిలముగానే యున్నవి. నిలువ సరిపోయినది; వాడకము సరిపోలేదు.

ఆంగ్లము వలదని నేను చెప్పుటలేదు. నాకు రాని విద్యను నిందించుట నాకు తగదు. మన మెట్టచేలలో వేరుసెనగ వేయునపుడు కొన్ని సాళ్లకొక కందిసాలు వేయుదుము. వానలు ముందే నిలిచిపోయి వేరుసెనగ ఎండిన యేడు, వేరు లోతుగా పోయిన కంది ఇంత గింజనిచ్చి ఇంటిని నిలుపును. రెండింటికిని ఆ చేనే ఆధారము. ఒకదానికొరకు రెండవదానిని పెరుకు రైతు లేడు. మన పిల్లల చదువులోను ఈ ఏర్పాటే కావలెను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మూడు పనులు మనవి చేయుచున్నాను. మొదటిది, ఆంగ్ల పుస్తకము తీసికొనిపోవు ప్రతి పిల్లవానికిని దానితోపాటు ఒక తెలుగు పుస్తకమును ఇయ్యవలెను. రెండవది, 1852లో వెలువడిన బ్రౌను దొర నిఘంటువును, 1885 నాటి శబ్దరత్నాకరమును బీరువా తాళమునుండి విడిపించి బల్లపై నుంచవలెను. పిల్లలు ముట్టిన అట్ట చిరుగునను భయము వలదు, చిరిగిన కుట్టించెదము. మూడవది, మన ఊరి మాటల పద్దొకటి తెరువవలెను. గొర్రు, గుంటక, కపిల, వంక, దిన్నె, ఇట్టి మాటలు పెద్దల నోట ఇంకను కలవు. ట్రాక్టరు వచ్చి గొర్రు మూలబడినది; గొర్రుతోపాటు దాని భాగముల పేర్లును మూలబడుచున్నవి. పిల్లలు పెద్దల నడిగి, మాటను, దాని అర్థమును తెలుగునను, చేతనైనచో ఆంగ్లమునను వ్రాసి తేవలెను. అప్పుడు పెనుకొండ పరదేశి యడిగిన ప్రశ్నకు వారు రెండు భాషలలోను సమాధానము చెప్పగలరు. ఆ పద్దుపుస్తకము వ్రాయు పనిని, జీతములేని పనిగా, నాకు ఒప్పగింపుడని కార్యదర్శిగారిని కోరుచున్నాను. రేపు సాయంకాలము దీపాల వేళకు పుస్తకము గీతలు గీసికొని గ్రంథాలయమున కూర్చుండెదను. మొదటి మాటతో ఎవరు వత్తురో చూచెదను.